ఇల్లడ సొమ్ము

మన పాత తెలుగు మాటలలో ‘ఇల్లడ’ అనునది యొకటి. నమ్మకముతో ఒకరియొద్ద దాచుటకై ఉంచిన సొమ్మునకు ఇల్లడ అని పేరు. సంస్కృతమున దీనినే నిక్షేపమనియు, న్యాసమనియు అందురు. నేటి విద్యార్థులలో ఈ మాట వినినవారు తక్కువ. మాట మరుగుపడినను దాని వెనుకనున్న ధర్మము మరుగుపడరాదు. తీర్థయాత్రకు పోవు గృహస్థు తన పెట్టెను పొరుగువాని కప్పగించి పోయెననుకొనుడు. పెట్టె పొరుగువాని యింట ఉన్నది. కాని పెట్టె పొరుగువానిది కాదు. ఈ రెండు వాక్యముల నడుమనున్న భేదమే ఈ వ్యాసమునకు విషయము.

యాజ్ఞవల్క్య స్మృతిలోని వ్యవహారాధ్యాయమున ఇందుకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. లోపలనున్నదేమో చెప్పక, మూసిన పెట్టెలో ఉంచి ఒకనిచేతి కిచ్చినదానిని ‘ఉపనిధి’ అనిరి. దానిని ఇచ్చినదానిని ఇచ్చినట్లే తిరిగి ఈయవలెను. దొంగలు ఎత్తుకొనిపోయినను, దైవికముగా నశించినను పుచ్చుకొన్నవానిపై దోషము లేదు. కాని యజమాని అడిగినప్పుడు ఈయక, ఆ వెనుక అది పోయినచో, దాని వెలయు, వెలతో సమానమైన దండుగయు చెల్లింపవలెను. అనుమతి లేక దానిని తన యిష్టము వచ్చినట్లు వాడుకొని బ్రదికినవానిని దండించి, వృద్ధితో కూడ తిరిగి ఇప్పింపవలెను. ఈ స్మృతికి ‘మితాక్షర’ అను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున ఉండెను. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే అది. మా తాండూరునకు వాయవ్యమున, కన్నడ సరిహద్దున కావల ఉన్నది. 13వ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర దానిని తెనిగించెను. కావున ఇల్లడ ధర్మము మనకు పరాయిది కాదు.

ఇంతటి పాత ధర్మమును ఇప్పుడు తలచుకొనుటకు కారణము మన జేబులోని ఫోను.

మా పెద్దేముల్ మండలము వికారాబాదు జిల్లాలో తాండూరు చెంతనున్న పల్లెల సీమ. కంది ఇచ్చటి ముఖ్యమైన పంట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇచ్చటి రైతు నొకనిని ఊహింపుడు. ఉదయమున అతడు ఫోను తీసి తాండూరు మార్కెట్టులో కంది క్వింటాలు ధర యెంత అని గూగుల్‌ను అడిగెను. మధ్యాహ్నము కాయతొలుచు పురుగునకు మందేమని వెదకెను. సాయంకాలము బంగారము కుదువపెట్టినచో వడ్డీ యెంతయో చూచెను. రాత్రి 11 గంటలకు, ఇంటివారందఱు నిద్రించిన పిమ్మట, గుండెలో నొప్పి ఏల వచ్చునని అడిగెను. విడివిడిగా చూచినచో నాలుగును సామాన్యమైన ప్రశ్నలే. నాలుగింటిని ఒక దారమున గ్రుచ్చినచో అది ఒక మనుష్యుని జీవితము. చేనికి పురుగు పట్టినది, చేతిలో పైకము లేదు, ఆలి మెడలోని బంగారము కుదువకు పోనున్నది, ఇంటి యజమానికి ప్రాణభయము పట్టినది. భార్యకు చెప్పని మాట, డాక్టరునకు చెప్పని మాట ఆ చిన్న గడిలో వ్రాసినాడు. తోటి మనుష్యులకు బొంకువాడు సైతము వెదకెడు గడికి బొంకడు. బొంకినచో జవాబు దొరకదు గదా!

అట్లు వ్రాసిన మాట జవాబు తెచ్చి ఇచ్చి మాయమైపోదు. అడిగిన మాట, అడిగిన వేళ, అడిగిన ఫోను గుర్తు, ఆ ఫోను ఉన్న చోటు, వచ్చిన జవాబులలో వ్రేలు పెట్టి తెఱచినది ఏది అనునది, ఇవన్నియు సంస్థవారి యంత్రశాలలలో నమోదగును. అదే సంస్థ పటమును చూపును, జాబులను మోయును, వీడియోలను ఆడించును, ఫోనును నడుపు ఆండ్రాయిడ్ వ్యవస్థను కూడ తానే ఇచ్చును. మనము చూచు ఇతర పుటలు మన ఫోనులో ‘కుకీ’ అను చిన్న గుర్తును వదలును. ఆ గుర్తును పట్టుకొని, ఒక పుటలో చెప్పులు చూచినవానికి మఱియొక పుటలో చెప్పుల ప్రకటన చూపుదురు. మనము ఒక పుటను తెఱచిన క్షణమున, అది పూర్తిగా కనబడులోపల, మన కంటి యెదుటి చోటునకు ప్రకటనదారుల నడుమ వేలము జరిగి ముగియును. వేలము పాడువాడు మన పేరు ఎఱుగకపోవచ్చును. మన అవసరమును ఎఱుగును.

పేరు లేకున్నచో బాధ లేదని కొందఱందురు. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏఓఎల్ అను సంస్థ పరిశోధకుల కొఱకని సుమారు ఆఱున్నర లక్షల మంది తన శోధన యంత్రమున మూడు నెలలపాటు అడిగిన 2 కోట్ల ప్రశ్నలను బయటపెట్టెను. పేర్లు తీసివేసి అంకెలు ఉంచెను. కొలది దినములలోనే ‘న్యూయార్క్ టైమ్స్’ విలేఖరులు ఒక అంకె వెనుకనున్న వృద్ధురాలిని, ఆమె ప్రశ్నలను బట్టియే, ఇల్లు వెదకికొని పోయి పలుకరించిరి. తన యూరిని గూర్చి, తన యింటిపేరు గలవారిని గూర్చి, తన రోగములను గూర్చి ఆమె అడిగిన మాటలే ఆమె చిరునామా అయ్యెను. సంస్థ తప్పు ఒప్పుకొని ఆ పట్టికను ఉపసంహరించెను. కాని అప్పటికే అది లోకమంతట వ్యాపించినది. మనము అడుగు ప్రశ్నలే మన ముఖము అను సత్యము నాడు తేటపడినది.

సంస్థల వాదమును కూడ న్యాయముగా వినవలెను. గూగుల్ 1998లో స్థాపింపబడినది. అది చేసిన మేలు చిన్నది కాదు. పట్టణపు గ్రంథాలయమునకు పోజాలని పల్లె విద్యార్థికి అది గ్రంథాలయమైనది. మా వంటి అధ్యాపకులకు నిఘంటువైనది. మేము మీ స్వవిషయములను ఎవరికిని అమ్మము, ప్రకటనలు మాత్రమే చూపుదుమని వారందురు. పెట్టెను అమ్మకపోవచ్చును. కాని పెట్టెలో ఏమున్నదో చూచి, ఆ ఎఱుకను అద్దెకిచ్చినచో అది వాడుకొనుట కాదా? 2024లో దాని మాతృసంస్థ ఆల్ఫాబెట్ రాబడి సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందులో 26,000 కోట్లకు పైగా ప్రకటనల వలన వచ్చినదే. అనగా నాలుగింట మూడు వంతులు. ఉచితమని మనమనుకొను జవాబునకు వెల ఎవరో ఇచ్చుచునే ఉన్నారు. అది మనలను గూర్చిన ఎఱుకకు వెల.

“మీరే ఇచ్చితిరి గదా! ‘సమ్మతము’ అను మీటను మీరే నొక్కితిరి గదా!” అనునది వారి గట్టి వాదము. చేజేతుల ఇచ్చినదానిపై హక్కు మిగులునా? ఈ ప్రశ్నకు మన హైదరాబాదు నుండి పోయిన ఒక వ్యాజ్యమున మన సుప్రీం కోర్టు జవాబు చెప్పియున్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను కార్యాలయములలోను, బ్యాంకులలోను ప్రవేశించి పత్రములు తనిఖీ చేయవచ్చుననియు, స్వాధీనపఱచుకొనవచ్చుననియు నిర్ణయించెను. బ్యాంకులు ఎదిరించినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకు, కెనరా బ్యాంకునకు నడుమ నడచిన ఆ వ్యాజ్యము సుప్రీం కోర్టునకు చేరి 2004 నవంబరు 1న తీర్పు వచ్చినది. ఖాతాదారు తన పత్రమును బ్యాంకున కిచ్చినంత మాత్రమున అందలి గోప్యతపై హక్కు కోల్పోడనియు, గోప్యత చోటునకు కాక మనుష్యునకు సంబంధించినదనియు ధర్మాసనము తేల్చెను. బ్యాంకుచేతి కిచ్చినదానిపై ఖాతాదారునకు గోప్యత లేదని 1976లో అమెరికా సుప్రీం కోర్టు పలికిన దారిని మన న్యాయస్థానము త్రొక్కలేదు. ఆ తీర్పు ప్రభుత్వాధికారుల తనిఖీని గూర్చినదే. ఐనను అందలి ధర్మము స్పష్టము: పెట్టె పొరుగింట ఉన్నను పొరుగువానిది కాదు.

ఈ ధర్మమునకు పునాది వేసినవారిలో మన తెలుగువా రొకరున్నారు. శ్రీ కోకా సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, పిదప 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఖడక్ సింగ్ అనువాని యింటికి రాత్రివేళల వచ్చి తలుపు తట్టుట, ఇంటిచుట్టు రహస్యముగా కాపు వేయుట, రాకపోకలు కనిపెట్టుట రాజ్యాంగసమ్మతమా అను ప్రశ్న 1962లో సుప్రీం కోర్టు ముందునకు వచ్చెను. రాత్రివేళ ఇంటికి వచ్చుట మాత్రము తగదనియు, గోప్యత మన రాజ్యాంగమిచ్చిన హక్కు కాదనియు అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు పలికిరి. సుబ్బారావుగారు జస్టిస్ షాగారితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసిరి. వారి వాదమున ప్రాణము ఇది: కాలికి సంకెల లేకున్నను, వెంట ఒక కన్ను తిరుగుచున్నదని ఎఱిగినవాని నడక స్వేచ్ఛగల నడక కాదు, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగము. నాడది ఓడిన పక్షము. దాదాపు 55 ఏండ్ల పిమ్మట, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఓడిన పక్షమే గెలిచినది. ఆ ధర్మాసనమున జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్‌గారు ప్రత్యేకముగా వ్రాసిన తీర్పులో, ప్రభుత్వమొక్కటియే కాదు, పెద్ద వ్యాపారసంస్థలును మనలను గూర్చి అపారముగా ఎఱిగియున్నవని హెచ్చరించిరి.

ఆ హెచ్చరిక ఊరక చేసినది కాదు. ఫోనులో స్థలచరిత్రను ఆపివేసినను మఱియొక అమరిక ద్వారా చోటును నమోదు చేయుచుండిరని అమెరికాలోని 40 రాష్ట్రములు తెచ్చిన అభియోగమును, 2022 నవంబరులో గూగుల్ 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకొన్నది. టెక్సాస్ రాష్ట్రముతో 2025 మేలో 137 కోట్ల 50 లక్షల డాలర్ల ఒడంబడిక జరిగినది. సమ్మతి అడిగిన తీరు స్పష్టముగా లేదని ఫ్రాన్సు దేశపు నియంత్రణ సంస్థ 2019 జనవరిలో 5 కోట్ల యూరోల దండుగ వేసినది. ‘గుప్తము’ అని పేరు పెట్టిన కిటికీలో చూచినవి కూడ సేకరింపబడినవని 2020లో వేయబడిన దావా, వందల కోట్ల నమోదులను చెరిపివేయుటకు సంస్థ అంగీకరింపగా 2024లో రాజీకి వచ్చినది. యజమాని ‘వలదు’ అన్న తరువాత కూడ పెట్టె తెఱువబడినదను ఆరోపణయే వీనిలో పెక్కింటికి మూలము.

అంత ధనవంతమైన సంస్థకు పెద్దేముల్ రైతు గుండెనొప్పితో పనియేమి, మనకు దాచుకొన వలసినదేమున్నది అని కొందఱు నవ్వుదురు. తెలంగాణపు పెద్దలకు దీనికి జవాబు తెలియును. 1980 దశకమున వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దగువఱకు ఊరి భూమి లెక్క పట్వారీ చేతిలోని పహాణీలో ఉండెడిది. పొలము దున్నువాడొకడు, పుస్తకమున పేరు మఱియొకనిది. పుస్తకము చేతిలో ఉన్నవాని ముందు ఊరంతయు చేతులు కట్టుకొని నిలిచెడిది. ఎఱుక ఒకవైపే పేరుకొన్నచోట అధికారము కూడ ఒకవైపే పేరుకొనును. ఐనను ఆ పట్వారీ మన భూమిని మాత్రమే ఎఱుగును. రాత్రి నిద్రపట్టక మనమేమి తలచుచుంటిమో వ్రాసికొను పుస్తకము అతనియొద్ద లేదు.

ఎఱుక దుర్మార్గుల చేతికి చిక్కినచో ఏమగునో మన రాష్ట్రము 2020లో కన్నులార చూచినది. శోధన యంత్రములవారి పని కాదది. ఫోనులో క్షణములో అప్పిచ్చు యాప్‌ల పని. అప్పు పుచ్చుకొనునప్పుడు నొక్కిన ఒక్క ‘సమ్మతము’తో ఆ ఫోనులోని పేర్ల పట్టిక యంతయు వారి చేతికి పోయినది. వాయిదా తప్పినంతనే బంధువులకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు అవమానకరమైన సందేశములు పోయినవి. ఆ సిగ్గు భరింపలేక తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. పోలీసులు పలువురిని నిర్బంధించిరి. గూగుల్ తన అంగడి నుండి అట్టి యాప్‌లను పెక్కింటిని తొలగించినది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, పిలుపుల పట్టికను ముట్టరాదని కట్టడి చేసినది. అప్పు తీర్చుటకు పేర్ల పట్టికతో ఏమి పని? ఒక పనికై ఇచ్చినదానిని మఱియొక పనికి వాడుటయే ఇందలి పాపము.

ఇప్పుడు మనకు చట్టమున్నది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొందినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు పిమ్మట, అనగా 2027లో, అమలునకు రావలసి యున్నవి. ఏ పనికై సమాచారము కోరుచున్నారో చెప్పి సమ్మతి పొందవలెను. ఆ సమ్మతిని మనము తిరిగి తీసికొనవచ్చును. పని తీరిన వెనుక చెరిపివేయుమని అడుగవచ్చును. సమాచారమును కాపాడుటలో తప్పినవారికి 250 కోట్ల రూపాయల వఱకు దండుగ కలదు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఈయగల అధికారము కేంద్రమున కుండుట ఇందు లోపమని పలువురు న్యాయవేత్తలు ఎత్తిచూపిరి. అది పట్టించుకొనదగిన మాటయే.

ఉపాధ్యాయులకు ఈ చట్టమున రెండు సంగతులు ముఖ్యమైనవి. 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల నిర్ధారితమైన సమ్మతి కావలెను. పిల్లల నడవడిని వెంటాడి గమనించుట, వారికి గుఱిపెట్టిన ప్రకటనలు చూపుట నిషిద్ధము. రెండవది, సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోనే కాక రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలు కల్పింపవలెను. అందు తెలుగు కలదు. ఇది తెలుగు బోధించువాని హృదయమునకు తగులు మాట. అర్థము కాని పత్రముపై పెట్టిన వ్రేలిముద్ర సమ్మతి కాదని మన తాతలకు షావుకారుల నోట్లు నేర్పినవి. నేడు వ్రేలిముద్ర అద్దముపై పడుచున్నది, అంతే భేదము. చదువురాని తల్లి పేరిట కొడుకే మీట నొక్కినచో అది తల్లి సమ్మతి యెట్లగును? అందుచేత ఆ పత్రములు తెలుగులో ఉండిన చాలదు. తెలుగువారికి తెలియు తెలుగులో ఉండవలెను. అట్లు లేనప్పుడు అడుగవలసిన వారము మనమే.

2020 సెప్టెంబరు 1న తెలంగాణమున బడిపాఠములు టీవీల మీదికి, ఫోనుల మీదికి వచ్చినవి. నాటి నుండి ఫోను పలకబలపముల సరసకు చేరినది. దానిని లాగికొనుట వలన ప్రయోజనము లేదు. తరగతిలో ఒక గంట కేటాయించి ఇది ఎట్లు పనిచేయునో చెప్పవలెను. గూగుల్ ఖాతాలో మన ప్రశ్నల చరిత్ర మనకే కనబడును, దానిని చెరుపవచ్చును, 3 నెలలకో, 18 నెలలకో తనంత తానే చెరిగిపోవునట్లు అమర్చవచ్చును. చోటును తెలుపు మీటను అవసరము లేనప్పుడు ఆపవచ్చును. దీపపు యాప్ పేర్ల పట్టికను అడిగినచో ‘ఏల?’ అని ప్రశ్నింపవలెను. ప్రశ్నల చరిత్రను దాచుకొనని శోధన యంత్రములు కూడ కలవని తెలిసికొనవలెను. ఇవి పెద్ద విద్యలు కావు. ఇంటికి తాళము వేయుట వంటివి.

పల్లెలలో ఒకే ఫోను ఇంటిల్లపాదికి చాలుచున్నది. అట్టి ఇంట పదవ తరగతి చదువు బాలిక, పెండ్లికి చట్టప్రకారము ఎన్నియేండ్లు నిండవలెనని వెదకుచున్నదనుకొనుడు. ఇంట ఎవరిని అడుగుటకును ఆమెకు వీలులేదు. 18 ఏండ్లని, 1098 అను సహాయపు నంబరు కలదని ఆ యంత్రమే ఆమెకు చెప్పును. అది మహోపకారము. కాని మఱునాడు అదే ఫోనులో పెండ్లిచీరల ప్రకటనలు, కల్యాణమండపముల ప్రకటనలు వరుసకట్టినచో, తన మాట బయటికి పోయినదని ఆమె వెఱచును. ఇక అడుగదు. అడుగుటకు వెఱచిన పిల్ల నేర్చుకొనదు, తన్ను తాను రక్షించుకొనదు. గోప్యత దొంగలకు కావలసినదని తలచువారు ఈ పిల్లను తలచుకొనవలెను. తప్పు చేయువానికి చాటు కావలెను, నిజమే. తప్పును తప్పించుకొనదలచిన బలహీనునకు అంతకంటె ఎక్కువగా చాటు కావలెను.

గూగుల్ 2004 నుండి హైదరాబాదున ఉన్నది. 2025 అక్టోబరులో విశాఖపట్టణమున 1,500 కోట్ల డాలర్లతో మహాసమాచార కేంద్రమును అయిదేండ్లలో నిర్మింతుమని ప్రకటించినది. ఏ దేశపు పెట్టెలైనను ఇక తెలుగు నేలపై చేరవచ్చును. పెట్టె యే యూరనున్నదను ప్రశ్న కంటె, అది యెవరిదను ప్రశ్న మిన్న. ఇల్లడ అను మాటను మన పిల్లలకు మఱల నేర్పుదము. అడుగువాడు ఎంత గొప్పవాడైనను, ఇచ్చునది ఎంత చిన్నదైనను, “ఇది దేనికొఱకు? పని తీరిన పిమ్మట తిరిగి ఇత్తురా?” అని అడుగగల పిల్లలు మన తరగతుల నుండి వెలువడినచో, కోర్టులు వ్రాసిన తీర్పులకు ఊళ్లలో ప్రాణము వచ్చును.